అగ్గిపెట్టెలో అమ్మ పాటలు

ఐదో ఫోను లోపలికి రాలేదు.

బతుకమ్మ పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల సాయంత్రం అది. మా ఇంటి అరుగు మీద ఒక పీట, పీట మీద పసుపు బొట్టు పెట్టిన అగ్గిపెట్టె. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు ఒక్కొక్కటే ముంగిట్లోకి వచ్చి చేరుతున్నాయి. అప్పటికే నలుగురు ఆడవాళ్ళ ఫోన్లలో మా అమ్మ పాటల పుస్తకం తెరుచుకుంది. వేలితో పైకి జరుపుకుంటూ, పెదవులు కదుపుకుంటూ చదువుకుంటున్నారు. వీధి చివరింటి వదినె తన ఫోను పట్టుకుని అరుగెక్కింది.

"నాకెందుకు వస్తలేదు బిడ్డా? వాళ్ళందరికీ వచ్చింది గదా."

మా మేనకోడలు ఆమె ఫోను అందుకుంది. వైఫై పేర్ల వరసలో 'అమ్మమ్మ పాటలు' కనిపిస్తూనే ఉంది. నొక్కితే కాసేపు గుండ్రంగా తిరిగి ఆగిపోతోంది. మళ్ళీ నొక్కింది. అదే తీరు. నా వంక చూసింది. రెండు నెలల పని ఆ అగ్గిపెట్టెలో ఉంది. ఇంకో పావుగంటలో ఆట మొదలవుతుంది.

*

మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. పెళ్ళయి ఈ ఊరొచ్చిన నాటి నుంచి తాను విన్న బతుకమ్మ పాటలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకుంది. ఏటా పండుగకు ముందు ఎవరో ఒకరు అడిగి తీసుకుపోయేవాళ్ళు, పండుగయ్యాక తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఒక ఏడు అది తిరిగి రాలేదు. వానకు తడిసి కాగితాలు ముద్దయ్యాయని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. నాకు కోపం ఆగలేదు. అమ్మ మాత్రం కొత్త నోటుబుక్కు తెప్పించుకుని మొదటి పాట నుంచి మళ్ళీ రాయడానికి కూర్చుంది.

"కాయితం పోతే పోయింది. పాట నా దగ్గర్నే ఉన్నది గదా నాయినా" అంది.

అలా 38 పాటలు మళ్ళీ కాగితం మీదికి వచ్చాయి. ఒక్కటి మాత్రం సగంలో ఆగింది. పెళ్ళయిన ఆడబిడ్డను పండుగకు పుట్టింటికి తీసుకురావడానికి అన్న బయలుదేరే పాట. అన్న వాగు దాటేదాకా ఉంది, దాటాక ఏమైందో అమ్మకు యాదికి రాలేదు.

మా చెల్లెలి కూతురు సిరిసిల్లలో పదో తరగతి. ఆ నోటుబుక్కు కథ విని, వేసవి సెలవుల్లో నా దగ్గరికొచ్చినప్పుడు అడిగింది.

"మామా, ఆ పాటలన్నీ ఒక సర్వర్‌ల పెడదాం. మన దగ్గర్నే ఉండే సర్వర్. ఊళ్ళె సిగ్నల్ లేకుంటే ఏమైతది? దగ్గరికొచ్చిన ఫోనుకు ఇస్తే చాలు గదా."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. సర్వర్ అనగానే ఎక్కడో దూరదేశంలో చల్లటి గదుల్లో బీరువాల్లా వరసగా నిలబెట్టిన యంత్రాలు మన కళ్ళ ముందు కదులుతాయి. నిజానికి సర్వర్ అంటే అడిగితే జవాబిచ్చేది, అంతే. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ ఒక బల్ల మీద కూర్చున్న నల్లటి నెక్స్ట్ కంప్యూటర్. 1990లో జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని నడిపారు. ఇది సర్వర్, దీన్ని ఆపవద్దు అని దాని మీద ఎర్ర సిరాతో రాసిన కాగితం అతికించి ఉండేది. ఒకరు పొరపాటున మీట నొక్కితే లోకంలోని వెబ్ అంతా ఆగిపోయే రోజులవి.

"ఎంత చిన్నగ చెయ్యొచ్చు మామా?"

"నువ్వెంత అనుకుంటున్నవ్ బిడ్డా?"

సిరిసిల్ల పిల్ల కదా, తడుముకోకుండా చెప్పింది: "అగ్గిపెట్టెల పట్టాలె."

అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నేతగాళ్ళ ఊరు అది. ఆ చీర గురించి వింటూ పెరిగిన పిల్లకు చిన్నతనానికి కొలత ఇంకేముంటుంది? అప్పుడు నేను ఆ పిల్లకు 1999 నాటి రెండు సర్వర్ల సంగతి చెప్పాను. అందులో మొదటిదాన్ని కూడా అగ్గిపెట్టెతోనే కొలిచారు.

*

1999 జనవరి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. ఒంటికి ధరించగలిగే కంప్యూటర్ల మీద పనిచేసే ప్రయోగశాల. దాన్ని నడుపుతున్న ఆచార్యుడు వాన్ ప్రాట్ పేరు కంప్యూటర్ చదువుకున్న ప్రతి తెలుగు పిల్లవాడూ పరీక్షలో రాసే ఉంటాడు. పొడవైన పాఠంలో ఒక పదాన్ని వేగంగా వెతికే కనూత్, మారిస్, ప్రాట్ పద్ధతిలో మూడో పేరు ఆయనదే.

ఆయన చేతిలో జంప్‌టెక్ అనే జర్మన్ కంపెనీ తయారుచేసిన బోర్డు ఉంది. 68 మిల్లీమీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వెడల్పు. కంప్యూటర్‌లో మెమరీ ముక్కను గుచ్చినట్టు గుచ్చుకునే పలక. ఆ పలక మీద 66 మెగాహెర్ట్జ్‌తో నడిచే 486 ప్రాసెసర్, 16 మెగాబైట్ల ర్యామ్, ఇంకో 16 మెగాబైట్ల ఫ్లాష్. అవసరం లేనివన్నీ ఊడబీకిన లినక్స్‌ను అందులో నింపి, వెబ్ సర్వర్‌గా నిలబెట్టారు. పొడవు వెడల్పుల్లో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, మందంలో దానికి మూడో వంతు. ప్రపంచంలో అతి చిన్న వెబ్ సర్వర్ ఇదేనని వార్త పాకింది. ఆ పలక చెప్పే జవాబు వినడానికి ఎక్కడెక్కడి జనమో వచ్చి దాని తలుపు కొట్టారు.

ఆ రికార్డు వేసవి దాటలేదు.

జులైలో అమెరికా తూర్పు ఒడ్డున, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హెర్స్ట్ ప్రాంగణంలో, హెచ్. శ్రీకుమార్ అనే పరిశోధక విద్యార్థి ఒక కొత్త సర్వర్‌ను లోకానికి చూపించారు. మన దేశం నుంచి వెళ్ళినవారు. దానికి ఐపిక్ అని పేరు పెట్టారు. ఈసారి కొలత అగ్గిపెట్టె నుంచి అగ్గిపుల్ల తలకు దిగింది.

ఎనిమిది కాళ్ళున్న నల్లటి చిప్, పిక్ 12సి509ఎ. డాలరు పెడితే వచ్చే సరుకు. వాషింగ్ మెషీన్ మీటలకో, ఆటబొమ్మలకో వాడే రకం. పక్కన పేజీలు దాచుకోవడానికి 32 కిలోబైట్ల మెమరీ చిప్ ఒకటి. సర్వర్ అంటే ఆ రెండే.

ఆ గదిలో నేను లేను. ఆయన ఏ రాత్రి ఏమనుకున్నారో రాసే హక్కు నాకు లేదు. కానీ ఆ చిప్ కొలతల పత్రం ఎవరైనా తెరిచి చూడవచ్చు. దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ బల్ల మీద ఏ గోడలు అడ్డం లేచాయో మన కళ్ళకు కడతాయి. నేనూ మా పిల్లా ఒక మధ్యాహ్నమంతా కాగితం మీద ఆ లెక్కలే వేశాం.

మొదటి గోడ జ్ఞాపకం. ఆ చిప్‌లో ర్యామ్ 41 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. స్టాన్‌ఫర్డ్ పలకలో దీనికి 4 లక్షల రెట్లు ఉంది. కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు అక్షర గుర్తుకు 3 బైట్లు పడతాయి. 'అమ్మ' అనే మాటకు అ, మ, పొల్లు, మళ్ళీ మ, మొత్తం 12 బైట్లు. అంటే 41 బైట్లలో 'అమ్మ' అని మూడుసార్లు రాస్తే నాలుగోసారి రాయడానికి చోటుండదు.

ఐపీ, టీసీపీ అనే ఇంటర్నెట్ నియమాల ప్రకారం వచ్చే ప్రతి ఉత్తరానికీ పైన చిరునామా ఉంటుంది. ఐపీ చిరునామా భాగం కనీసం 20 బైట్లు, టీసీపీ భాగం ఇంకో 20. చిరునామాకే 40 పోయాయి.

"మిగిలింది ఒక్కటి మామా!" అని పిల్ల పెన్సిల్ కింద పెట్టేసింది. "ఉత్తరం ఏడ పెట్టుకుంటది మరి?"

ఎక్కడా పెట్టుకోదు. పెట్టుకోలేదు. వచ్చే ఉత్తరాన్ని వస్తుండగానే చదవాలి, కావలసిన ముక్క పట్టుకుని మిగతాది వదిలెయ్యాలి. అడిగినవాడి చిరునామా 4 బైట్లు, తలుపు నెంబరు 2, వరస సంఖ్య 4. కూడిక సరిపోయిందో లేదో చూసుకునే లెక్కకు 2. అంతే, ముందుకు నడవాలి.

రెండో గోడ సమయం. ఐపిక్ మాట్లాడేది సీరియల్ తీగ మీద, సెకనుకు 115,200 బిట్ల వేగంతో. ఒక్క బిట్టు నిలిచేది 9 మైక్రోసెకన్లలోపే. ఈ చిప్ ఒక పని చెయ్యడానికి 1 మైక్రోసెకను తీసుకుంటుంది. అంటే ఒక బిట్టు వచ్చి వెళ్ళేలోగా చెయ్యగలిగినవి ఎనిమిది పనులు. చూడాలి, పట్టుకోవాలి, పక్కకు జరపాలి, లెక్కపెట్టుకోవాలి, కూడికలో కలపాలి, తర్వాతి బిట్టుకు సిద్ధంగా నిలబడాలి. ఆ పనిని విడిగా చూసుకునే సీరియల్ యంత్రాంగం ఆ చిప్‌లో లేదు. తలుపు చప్పుడైనప్పుడు చేస్తున్న పని ఆపి పిలిచే ఇంటరప్ట్ సదుపాయమూ లేదు. కన్నార్పకుండా తీగనే చూస్తూ ఉండాలి. అరిసెల పాకం దగ్గర నిలబడ్డ మనిషి ఎలా చూస్తుందో అలా. ఒక్క క్షణం తల తిప్పితే పాకం ముదురుతుంది.

మూడో గోడ చిక్కుముడి లాంటిది. పంపే ఉత్తరం ముందుభాగంలోనే, లోపలి మొత్తం సరుకు కూడిక రాయాలని టీసీపీ నియమం. సరుకు ఇంకా బయటికే రాలేదు, కూడిక ముందే ఎలా తెలుస్తుంది? పెద్ద యంత్రం ఉత్తరాన్ని మొత్తం ర్యామ్‌లో పేర్చుకుని, కూడి, అప్పుడు పంపుతుంది. 41 బైట్లవాడికి ఆ భాగ్యం లేదు. ఇలాంటి చోట పనికొచ్చే ఉపాయం ఒకటుంది. పేజీలను మెమరీ చిప్‌లో దాచేటప్పుడే వాటి కూడికలు కూడా వేసి పక్కన రాసి పెట్టుకోవడం. పెళ్ళివారికి పెట్టే విస్తళ్ళు ముందురోజు రాత్రే కుట్టి ఉంచినట్టు.

ఈ మూడు గోడల మధ్య శ్రీకుమార్ టీసీపీ, ఐపీ నియమాల పనిని సుమారు 256 బైట్ల ప్రోగ్రాంలో ఇమిడ్చారు. మీరిప్పుడు చదువుతున్న ఈ ఒక్క వాక్యాన్ని కంప్యూటర్‌లో పెడితే దానికే అంతకన్నా ఎక్కువ చోటు పడుతుంది.

ఆ సాయంత్రం మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మామా, మనం ఎనిమిది కాళ్ళదే కొందాం" అంది.

*

ఎనిమిది కాళ్ళదే కొన్నాం. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ అని ఉంది. రేడియోలు, టీవీలు బాగుచేసేవాళ్ళ నుంచి ఇంజనీరింగ్ పిల్లల దాకా అందరూ తిరిగే సందు. నేను నా ఇరవయ్యో ఏట రేడియో వాల్వుల కోసం తిరిగిన అదే సందులో మా పిల్ల ఈఎస్పీ-01 అనే పలక చేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. 25 మిల్లీమీటర్ల పొడవు, 14 మిల్లీమీటర్ల వెడల్పు. ఒక చివర వంకర టింకరగా రాగి గీత, అదే యాంటెన్నా. రెండో చివర ఎనిమిది పిన్నులు.

దీని గుండె ఈఎస్పీ8266. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ చిప్. 2014లో ఈ పలకలు కొద్ది డాలర్లకే బయటి దేశాలకు రావడం మొదలైనప్పుడు వాటి వివరాలు చైనా భాషలో ఉండేవి. అభిరుచితో పనిచేసేవాళ్ళు కూర్చుని వాటిని అనువదించుకుని, తమ ప్రోగ్రాంలు తామే ఎక్కించడం నేర్చుకున్నారు. ఇందులో ప్రోగ్రాం వాడుకోవడానికి సుమారు 80 కిలోబైట్ల ర్యామ్ ఉంది. శ్రీకుమార్ చిప్‌కు రెండు వేల రెట్లు. పైగా 1999 నాటి ఆ రెండు సర్వర్లూ తీగకు కట్టుబడినవి. దీనికి తీగ అక్కర్లేదు. తానే ఒక వైఫై గూడు కట్టుకుని దగ్గరికొచ్చినవాళ్ళను పిలుస్తుంది.

ఇందులో టీసీపీ సంగతి చూసుకునే ప్రోగ్రాం పేరు ఎల్‌డబ్ల్యూఐపీ. దాని పుట్టుక నాకు చాలా ఇష్టమైన కథ. స్వీడన్ ఉత్తరాన లూలియో అనే చలి ఊళ్ళో మంచు మీద హాకీ ఆడేవాళ్ళ గుండె వేగాన్ని, హెల్మెట్‌లోని చిన్న కెమెరా బొమ్మను, చూసేవాళ్ళకు అప్పటికప్పుడు అందించాలని ఒక ప్రాజెక్టు జరిగింది. ఆటగాడి ఒంటి మీద మోయగలిగేంత చిన్న యంత్రం ఇంటర్నెట్ భాష మాట్లాడాలి. ఆ అవసరం కోసం ఆడమ్ డంకెల్స్ అనే యువకుడు రాసిందే ఇది. తర్వాత ఆయన ఇంకా చిన్న యంత్రాల కోసం యూఐపీ రాశారు. 2003లో దాన్ని వివరిస్తూ ఆయన ప్రచురించిన పత్రంలో ఒక సంగతి చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మామూలు సర్వర్ ఒక ముక్క పంపాక, అది చేరినట్టు అవతలి నుంచి జవాబొచ్చేదాకా దాని నకలు తన దగ్గర దాచుకుంటుంది. దారిలో పోతే మళ్ళీ పంపాలి కదా. నకలు దాచడానికి చోటు కావాలి. యూఐపీ నకలు దాచదు. పోయిందని తెలిస్తే, ఆ ముక్కను మళ్ళీ తయారుచేసి ఇమ్మని పైనున్న ప్రోగ్రాంనే అడుగుతుంది. ఒక్కో సంభాషణలో ఒక్క ముక్కే పంపుతుంది. అది చేరిందన్న మాట వినిపించాకే తర్వాతి ముక్క.

పక్కనున్న పిల్లకు చదివి వినిపించాను. "అమ్మమ్మ పాట చెప్పినట్టే గదా" అంది.

అవును, అలాగే. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు అమ్మ ఒక చరణం ఎత్తుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని తిరిగి అంటారు. ఆ మాట తన చెవిన పడ్డాకే అమ్మ రెండో చరణం అందుకుంటుంది. గోలలో ఎవరికీ వినబడకపోతే మళ్ళీ అదే పాడుతుంది, కాగితం చూడదు. నోటుబుక్కు తడిసిపోయినప్పుడు అమ్మ చేసిందీ అదే.

*

పని మొదలుపెట్టాక లెక్కల కంటే కరెంటు ఎక్కువ ఏడిపించింది. ప్రోగ్రాం ఎక్కింది. తెర మీద సందేశాలు వస్తున్నాయి. వైఫై పేరు ఫోనులో ఇలా కనిపించి అలా మాయమవుతోంది. పలక మొదలవుతుంది, పడిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. మూడు రాత్రులు ప్రోగ్రాంలో తప్పు వెతికాం. తప్పు ప్రోగ్రాంలో లేదు. రేడియో ప్రసారం చేసే క్షణంలో ఈ పలక 170 మిల్లీ ఆంపియర్లు, ఒక్కోసారి అంతకు మించీ లాగుతుంది. మేము వాడుతున్న యూఎస్‌బీ తీగ చిప్‌లోని 3.3 వోల్టుల కాలు ఇవ్వగలిగింది 50. దాహమైనవాడికి ఉద్ధరిణెతో నీళ్ళు పోసినట్టు.

బ్యాటరీ పెడదామంటే ఇంకో చిక్కు. పెట్టెలో పట్టే లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. నేను తెచ్చిన ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌కు తాను ఇచ్చేదాని మీద ఇంకో 1.1 వోల్టు సుమారుగా అదనంగా కావాలి. 3.3కు 1.1 కలిపితే 4.4. నిండు సెల్ కూడా చాలదు. తక్కువ తేడాతో పనిచేసే రకం వెతికి తెచ్చి, దాని పక్కన 470 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెట్టాం. రేడియో ఒక్కసారిగా గుక్కెడు అడిగినప్పుడు ఆ కెపాసిటర్ ఇస్తుంది. ఆ సాయంత్రం 'అమ్మమ్మ పాటలు' అన్న పేరు ఫోనులో కనిపించి, నిలిచింది. పిల్ల ఐదు నిమిషాలు గడియారం చూస్తూ కూర్చుంది. పేరు కదల్లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. వయసులో నాకంటే చాలా చిన్నదైనా పనిలో నాకు సాటి ఆ పిల్ల.

పిన్నుల వరస కరిగించి తీసేశాం. 400 మిల్లీ ఆంపియర్-అవర్ల సెల్, సన్నటి రక్షణ పలకతో సహా అగ్గిపెట్టె అడుగున పరిచాం. పలక సగటున 80 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది కాబట్టి ఐదు గంటలు. బతుకమ్మ ఆటకు చాలు. పెట్టె అట్టది కావడం మా అదృష్టం, రేకు డబ్బా అయితే వైఫై లోపలే ఉండిపోయేది.

38 పాటలూ పిల్లే టైపు చేసింది. మొదటిసారి పేజీ తెరిస్తే తెలుగు అక్షరాల చోట పిచ్చి గుర్తులు వరసకట్టాయి. ఈ పేజీ యూటీఎఫ్-8లో ఉందని ఫోనుకు ముందే చెప్పే ఒక్క వరస మేము మరిచిపోయాం. అది చేర్చగానే అమ్మ మాటలు అమ్మ మాటల్లా వచ్చాయి. పాటలన్నీ కలిపి 170 కిలోబైట్లు దాటలేదు. పలకలోని 1 మెగాబైట్‌లో సగం పాటలకే కేటాయించాం కనుక బోలెడు చోటు మిగిలింది.

ఆ మిగిలిన చోటు చూశాకే పిల్లకు ఆ ఆలోచన వచ్చింది.

"ఆ సగం పాట కింద ఖాళీ పెడత మామా. తెలిసినోళ్ళు రాస్తరు."

నేను వద్దన్నాను. చదివి ఇవ్వడం వేరు, రాసి దాచడం వేరు. రాస్తుండగా సెల్ తగ్గి పలక పడిపోతే ఉన్న పాటలు కూడా చెడవచ్చు. ఇన్నాళ్ళ కష్టం. పిల్ల వినలేదు. మధ్యలో కరెంటు పోయినా పాత సరుకు చెడకుండా రాసే లిటిల్ఎఫ్ఎస్ అనే ఫైల్ పద్ధతి ఉందని చదివి తెలుసుకుంది. ఇరవైసార్లు రాస్తూ, ఇరవైసార్లు తీగ లాగేసి, ప్రతిసారీ 38 పాటలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టి చూపించింది. ఆ తర్వాత నేను మాట్లాడలేదు.

*

ఐదో ఫోను దగ్గరికి వస్తాను.

"నాలుగు వస్తున్నయ్, ఐదోది వస్తలేదు" అని పిల్ల తనలో తాను అనుకుంది. అని, లాప్‌టాప్ తెరిచింది. ప్రోగ్రాంలో వైఫై గూడు కట్టే వరస ఒకటుంది. అందులో పేరు, సంకేతపదం, చానెల్, దాచాలా వద్దా అన్నది వరసగా ఇస్తాం. ఐదోదిగా ఒక అంకె కూడా ఇవ్వవచ్చు, ఎంతమందిని రానివ్వాలో. ఇవ్వకపోతే నాలుగు అని తానే అనుకుంటుంది. ఇంట్లో పరీక్షించినప్పుడు మా ఇంటిల్లిపాది ఫోన్లు కలిపితే మూడు. నాలుగు దాటే అవసరం ఎన్నడూ రాలేదు.

"ఎంత దాకా పెట్టొచ్చు?"

"ఎనిమిది మామా. అంతకుమించి ఆ చిప్పు పట్టదు."

ప్రోగ్రాం ఎక్కించే తీగలు నాలుగింటిని ముందుచూపుతో పెట్టె బయటికి వదిలి ఉంచింది. అరుగు మీదే కూర్చుని, పట్టులంగా ముడిచి, ఆ తీగలు కలిపింది. వదినె తన బతుకమ్మను కింద పెట్టి పిల్ల భుజం మీంచి తొంగి చూస్తోంది. పాటలున్న భాగం జోలికి పోకుండా ప్రోగ్రాం ఒక్కటే మారాలి. శాతాలు పెరుగుతున్నాయి. 60, 80. ఎవరో డీజే పెట్టెలకు కరెంటు కలిపారు, ఇంట్లో బల్బు మినుక్కుమంది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కనుక బతికిపోయాం. నూరు. తీగలు విప్పింది. అగ్గిపెట్టె మూసింది.

పేరు మళ్ళీ వచ్చింది. వదినె ఫోనులో పేజీ తెరుచుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో ఫోనుకు చోటు లేదు. అప్పటికే పాట దొరికినవాళ్ళు ఒకరిద్దరు తమ వైఫై తీసేసి చోటిచ్చారు. ఎవరూ చెప్పకుండానే. బోరింగు దగ్గర బిందె నిండినవాళ్ళు పక్కకు జరిగినట్టు.

ఆట మొదలైంది. అమ్మ మధ్యలో లేదు. మోకాళ్ళ నొప్పితో అరుగు మీదే కూర్చుని, అగ్గిపెట్టె పక్కన, చరణం ఎత్తుకుంటోంది. ఆమె గొంతు చాలని చోట ఫోను చూసి వేరొకరు అందుకుంటున్నారు. రాత్రి తొమ్మిది దాటాక సెల్ అయిపోయి పేరు మాయమైంది. అప్పటికి బతుకమ్మలు చెరువు దారి పట్టాయి.

*

తెల్లారి పిల్ల పెట్టెకు కరెంటు పెట్టి, ఏ పాట ఎన్నిసార్లు అడిగారో చూసింది. అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగింది ఆ సగం పాటే. అడిగినవాళ్ళలో ఒకరు కింద ఖాళీలో రాశారు.

పేరు లేదు. ఆరు వరసలు. ఒత్తులు కొన్ని తప్పు, రెండు మాటలు కలిసిపోయాయి. వాగు దాటిన అన్న చెల్లెలి ఇంటి గడప ముందు నిలబడ్డాడు, లోపలి నుంచి అత్త ఏదో అడుగుతోంది.

పిల్ల పరుగున వెళ్ళి అమ్మ చేతిలో ఫోను పెట్టింది. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివింది. గొంతులోనే రాగం కట్టుకుంది. నాలుగో వరస దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఈసారి పైకి పాడింది. మా పిల్ల ఆ వరసను తిరిగి అంది. అమ్మ ఐదోది అందుకుంది.

"ఎవ్వరు రాసిన్రు బిడ్డా ఇది?"

"తెల్వది అమ్మమ్మా. పేరు రాయలే."

"గా ఎనిమిది మందిల ఎవరో ఒకరు" అని అమ్మ గోడకు ఆనుకుంది. "ఆఖరి దినం, సద్దుల నాడు మళ్ళ పెట్టు గా పెట్టెను. ఇంకో రెండు వరసలుండాలె దీనికి."